వాహెద్ నోట వచ్చిన మాట

ఆదిలాబాద్ శివారులోని పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో వాహెద్ మేస్త్రీ. పనులు పురమాయించడంతో పాటు ఇంకో బాధ్యత కూడా ఎప్పుడో అతని మీద పడింది. పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లలో కొందరిది తెలుగు, కొందరిది మరాఠీ. యజమాని జగన్మోహన్‌రావు ఏం చెప్పినా రెండు భాషల్లోనూ అందరికీ చేరవేసేది వాహెదే. అతను చెబితేనే వాళ్లకు నమ్మకం.

రావుకు గుండె ఆపరేషన్ అయ్యాక మిల్లు బాధ్యత కూతురు రుచిత తీసుకుంది. హైదరాబాదులో ఉద్యోగం మానుకొని వచ్చింది. దసరాకు ముందు, పత్తి రాక మొదలవకముందే, అందరినీ గోదాములో కూర్చోబెట్టి, తెర మీద రాబోయే మిల్లు బొమ్మ చూపించింది. మెరిసే యంత్రాలు, దుమ్ము లేని నేల, గొట్టాల్లో తనంతట తానే సాగిపోయే పత్తి.

"ఐదేళ్లలో మన మిల్లు ఇలా ఉండాలి. ఇది నా ఒక్కదాని కల కాదు, మనందరిది. చెప్పండి వాహెద్ అంకుల్," అంది.

వాహెద్ చెప్పాడు. ఏరే ఆడవాళ్లలో పెద్దదైన లస్మవ్వ లేచి నిలబడింది.

"మిల్లు మంచిగున్నది వాహెద్ భాయ్. అండ్ల మనుషులే కనవడ్తలేరు. మేమెక్కడ కూసుంటం?"

రుచిత కాస్త తడబడింది. "ఎవరినీ పనిలోంచి తీసెయ్యం అని చెప్పండి అంకుల్. కొత్త పనులు నేర్పిస్తాం." ఆమె ముఖంలో అబద్ధం లేదు. ఏ పని, ఎప్పుడు అని అడగాలనిపించింది వాహెద్‌కు. అంతమంది ముందు నోరు రాలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి. ఎవ్వల్నీ తీసెయ్యరట. కొత్త పని నేర్పిస్తరట," అన్నాడు. మరాఠీలోకి వచ్చేసరికి ఆ 'అట' ఎక్కడో జారిపోయింది. తానే మాట ఇస్తున్నట్టు పలికాడు.

"నువ్వు చెప్పినవు గదా, సాలు," అంది లస్మవ్వ. తర్వాత భైంసాలోని ఇంకో మిల్లు వాళ్లు మనుషుల కోసం వచ్చి అడిగితే, ఆమె, ఆమెతో ఉన్నవాళ్లు పోలేదు.

ఎండాకాలంలో యంత్రాలు వచ్చాయి. వాటితో పాటు పెట్టుబడి పెట్టిన భాగస్వామి కూడా వచ్చాడు. చెత్త యంత్రమే తీస్తుంటే ఆడవాళ్లెందుకన్నాడు. గదిలో రుచిత చాలాసేపు వాదించడం బయట వాహెద్‌కు వినిపించింది. ఆమె ఎర్రబడ్డ కళ్లతో బయటికి వచ్చింది.

"ఆ రోజు నిజంగానే అన్నాను అంకుల్. ఇప్పుడు నా చేతుల్లో లేదు."

"గీ మాట ఆళ్లకెట్ల చెప్పాలమ్మా?"

"మీరు చెబితేనే వింటారు," అంది తల వంచుకొని.

వాహెద్ రావు ఇంటికి పోయాడు. మంచం మీద పడుకున్న రావు అంతా విని, "నన్నెవరు అడుగుతున్నరు వాహెద్? చాయ్ తాగి పో," అన్నాడు.

మళ్లీ పత్తి బండ్లు మొదలైన రోజు ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. పని లేదని వాహెద్ రెండు భాషల్లోనూ చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననుకున్నాడు.

"మల్ల ఎప్పుడు రమ్మంటవు?" అంది లస్మవ్వ.

"తెల్వదక్కా. నాకేం చెప్పలే."

అప్పటికి భైంసాలోనూ మనుషులు నిండిపోయారు. లస్మవ్వ ఆ వయసులో నడుం వంచి చేలల్లో పత్తి ఏరే కూలికి పోతోందని తెలిసింది.

"గా నౌకరి ఇడిశిపెట్టరాదా?" అంది భార్య మహబూబ్‌బీ, అతను అన్నం ముందు ఊరికే కూర్చుంటే.

"ఇడిశిపెడితె ఆళ్లకు పని దొరుకుతదా?"

ఆమె కంచం అతని ముందుకు జరిపింది. మర్నాడు పొద్దున వాహెద్ ఎప్పటిలాగే మిల్లుకు పోయాడు.