నీళ్లు తాగని టీచరమ్మ

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఏదో ఒక గొప్ప ఉంటుంది కదా! ఆ రోజుల్లో నా గొప్ప ఏమిటంటే, పొద్దున జమ్మలమడుగులో బస్సెక్కి, పులివెందులలో దిగి, సాయంత్రం దాకా బడిలో గొంతు చించుకొని, మళ్లీ ఇల్లు చేరేదాకా చుక్క నీళ్లు ముట్టకుండా ఉండగలగడం. తాగితే పోవాలి. బడిలో టీచర్ల బాత్రూంకేమో గడియ లేదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు తలుపు పట్టుకొని నిలబడాలి, ఆ మాట నోరు తెరిచి అడగడానికి నాకు సిగ్గు. (పిల్లలకు 'రోజూ బాగా నీళ్లు తాగాలి' అని సైన్సు పాఠం చెప్పేది కూడా నేనే!)

కొన్ని నెలలకు ఒళ్లు ఎదురు తిరిగింది. మంట, పొత్తికడుపులో నొప్పి, పోయొచ్చిన మరుక్షణమే మళ్లీ పోవాలనిపించడం, సాయంత్రానికి చలిజ్వరం. "వేడి చేసింది" అని అమ్మ ఒక్క మాటలో తేల్చేసి, మాడుకింత ఆముదం, బొడ్డులో ఇంత ఆముదం పెట్టి, సబ్జాగింజల నీళ్లు తాగించింది. తగ్గలేదు. ప్రొద్దుటూరు డాక్టరమ్మ మూత్రపరీక్షతో పాటు స్కానింగు కూడా రాసింది. దానికి కడుపునిండా నీళ్లు తాగి, ఉగ్గబట్టుకొని పోవాలట. ఉగ్గబట్టడంలో నన్ను మించినవాళ్లెవరు! కానీ బస్సులో అమ్మ ఒక మాట అంది. "రాయీ గీయీ ఉందని తేలిందంటే ఆ ఉజ్జోగం వద్దేవద్దు మే. ఇంటి కాడ ఉండు." ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. దారి పొడుగునా దేవుళ్లందరికీ మొక్కుకుంటూ సీసా ఖాళీ చేశాను.

స్కానింగు సెంటరున్న వీధిలోనే మా పెద్దమ్మ ఇల్లు. ఆ ఊరికి పోయి అక్క గడప తొక్కకపోతే అమ్మకు మాట వస్తుంది, తొక్కాక ఏమీ తాగకుండా లేస్తే ఇంకా పెద్ద మాట వస్తుంది. "నీళ్లు తాగే వచ్చినాం క్కా" అని అమ్మ మొత్తుకున్నా వినకుండా పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆ వెనకే నన్నారి షర్బత్తు. "టీ తాగకుండా పోతారా, నేనేం పరాయిదాన్నా?" అని టీ. అక్కడి నుంచి సెంటరు దాకా నేను నడిచిన నడక చూసి వీధిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకున్నాయి.

స్కానింగు చేసే మేడం పొట్ట మీద జిగురు రాసి, తెర చూసి ఉలిక్కిపడింది. "ఏందమ్మా, చెరువు మోసుకొచ్చినావు? ఇంత నిండితే కూడా సరిగ్గా కనపడదు. పోయి సగం పోసి రా పో."

సగం! ఎవరికైనా సాధ్యమయ్యే పనేనా అది? నెలల తరబడి నేను చూపిన నిగ్రహమంతా ఆ గడియ ఉన్న బాత్రూంలో ఒక్కసారిగా కొట్టుకుపోయింది. తిరిగొచ్చి పడుకుంటే మేడం తల పట్టుకుంది. "సగం అన్నాను కదమ్మా!"

మళ్లీ మొదలు! వరండాలో నాలాగే కాళ్లు ముడుచుకొని కూర్చున్న ఆడవాళ్లందరికీ సంగతి తెలిసిపోయింది. "తాగు పాపా, తాగు!" అని ఒకామె సీసా అందిస్తే, "కూచుంటే దిగదు, తిరుగు తిరుగు!" అని ఇంకొకామె తరిమింది. నేను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతుంటే "వచ్చెనా?", "ఇంకా రాలేదా?" అని అందరూ ఆత్రంగా అడగడమే. చివరికి "వస్తాంది!" అని నేను అరిచేసరికి వాళ్ల మొహాలు పెళ్లిముహూర్తం కుదిరినట్లు వెలిగిపోయాయి.

రాయి లేదు! కాగితాలన్నీ చూసి డాక్టరమ్మ చెప్పింది. "నీళ్లు తాగక, వచ్చినప్పుడు పోక, ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నావు. తగ్గింది కదా అని మాత్రలు మధ్యలో ఆపొద్దు. అయినా ఎందుకు ఆపుకుంటావు తల్లీ?"

"బడిలో బాత్రూంకు గడియ లేదు మేడం."

అమ్మ నా వైపు అదోలా చూసింది. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

నేను మళ్లీ బడికి పోయిన రోజు అమ్మ కూడా బస్సెక్కింది. సంచిలో కొత్త గడియ, సుత్తి, మేకులు! "ఎవరమ్మా మీరు?" అని హెడ్మాస్టరు అడిగితే, "నీ సైన్సు టీచర్ను కన్నదాన్నప్పా. బాత్రూం యాడుంది?" అంది. టకటకా కొట్టేసి, గడియ వేసి తీసి చూపించి, "ఇంగ పోండి మే" అని పక్కకు జరిగింది. చూస్తే మా లేడీ టీచర్లందరూ అప్పటికే వరసలో నిలబడి ఉన్నారు. అందరిదీ నా గొప్పేనన్నమాట!

సాయంత్రం తిరుగు బస్సులో అమ్మ నా సీసా తీసుకొని గటగటా తాగింది. ప్రయాణంలో అమ్మ నీళ్లు తాగగా చూడటం నాకదే మొదలు. "నేనూ నీ మాదిరే మే, పెండ్లయినప్పటి నుంచీ" అంది మెల్లిగా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముద్దనూరు వచ్చేసరికి మాత్రం లేచి నిలబడి బస్సంతా వినపడేలా అరిచింది. "అప్పా డ్రైవరూ, రవ్వంతసేపు ఆపు, మేం పోయిరావాల!" నేను సిగ్గుతో కిటికీ పక్కకు ముడుచుకుపోయాను.

ఇప్పుడు ముద్దనూరులో ఆ కేక నాదే. మొన్న నేను అరవగానే పక్క సీట్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లొకతె చున్నీలో మొహం దాచుకుంది. అచ్చం నన్నే చూసినట్లయి నవ్వొచ్చింది. నేను దిగి నాలుగడుగులు వేశానో లేదో, వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "ఆంటీ, ఉండండి, నేనూ వస్తా!"