కోల్డ్ స్టోరేజీలో చెర్రీ మొక్క

నేను వ్యవసాయ శాస్త్రం చదివాను. షార్జాలోని అల్ నహ్దాకు కాపురానికి వచ్చాక ఆ మాట చెబితే అందరూ "అలాగా" అని, వెంటనే బాల్కనీలో కరివేపాకు ఎలా పెంచాలో అడిగేవారు. మా ఆయన మరీను. నా చదువు పెళ్లినాటి పట్టుచీరలాంటిదని, మడతపెట్టి బీరువాలో ఉంచితే చాలునని ఆయన ఉద్దేశం. నాకు ఒళ్లు మండేది.

అందుకే 2022లో మొక్కల దుకాణంలో ఒక తీపి చెర్రీ అంటు కనిపించగానే కొనేశాను. అది చలిదేశపు చెట్టు. ఆకులు రాల్చి, చలికాలమంతా నిద్రపోతేనే దాని మొగ్గలు విచ్చుకుంటాయి. షార్జాలో అంత చలి ఎక్కడిది? మా ఆయన పనిచేసే చోట ఉంది. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఆయన పళ్ల కోల్డ్ స్టోరేజీ చూసుకుంటారు. ఈ మొక్కను పూయిస్తే నా చదువు ఇంకా బతికున్నట్టే. పూయిస్తానని నాకు గట్టి నమ్మకం.

"మీ ముదీర్‌ను ఓ మూల చోటు అడగండి. యాపిల్ పెట్టెల పక్కన మాత్రం పెట్టొద్దు, వాటి గాలికి మొగ్గలు చెడతాయి" అన్నాను.

ముదీర్ అంటే వాళ్ల మేనేజరు. నవ్వి ఒప్పుకున్నాడట. డిసెంబరులో ఆకులన్నీ నా చేత్తో దూసి, కుండీని కారెక్కించాను.

కొన్ని వారాలకు ఆయన ఫోనులో ఫొటో పంపారు. గోదాము బయట, ఎండలో, నా మొక్క! వెంటనే ఫోన్ చేశాను.

"బయటికెందుకు తెచ్చారు?"

"రోజూ మధ్యాహ్నం కాసేపు పెడతన్నాగా. ఒక్క ఆకు లేదు, పాపం. ఎండ తగలకపోతే చెట్టు బతుకుద్దా?"

ఆయన గుంటూరు మిరప రైతుల బిడ్డ. ఆకు లేని మొక్కను చూస్తే ఆ చేతులు ఊరుకోవు. నిద్రపోతున్న పిల్లను లేపి అన్నం తిన్నావా అని అడిగినట్టుంది ఆ ప్రేమ. కూడిన చలి కాస్తా ఎండపాలైంది.

"లోపల పెట్టండి. మళ్లీ మొదటినుంచి."

"ఈ నెలాఖరుకి ఖలాస్, చోటు ఖాళీ చెయ్యమన్నాడే ముదీరు!"

మర్నాడు ఆయన వెంట నేనే వెళ్లాను. మొగ్గలకు చలి ఎందుకో, ఇంకా ఎన్నాళ్లు కావాలో వచ్చీరాని హిందీలో ముదీర్‌కు వివరించాను. బతిమాలలేదు. మార్చి దాకా గడువిచ్చాడు.

మార్చిలో కుండీ ఇంటికొచ్చింది. బాల్కనీలో నీడపట్టున ఉంచాను. రోజులు గడిచినా కట్టె కట్టెలాగే ఉంది. ఆయన దానివంక చూడడం మానేశారు. నేను కొమ్మను గోటితో కాస్త గీరి చూశాను. లోపల పచ్చగా ఉంది. నాకు అది చాలు.

ఓ ఉదయం చూస్తే కొమ్మ పొడవునా అక్కడక్కడ తెల్లటి పూలగుత్తులు. ఏడుపొచ్చేసింది.

ఆయన టీ గ్లాసుతో వచ్చి, వంగి చూసి, గబగబా ఫొటో తీసి ఎవరికో పంపారు. "పండ్లెప్పుడు కాస్తయ్యి?"

"కాయదు. దీనికి వేరే రకం చెర్రీ పుప్పొడి అందాలి. ఇంకో మొక్క కావాలి."

ఇక నవ్వుతారనుకున్నాను. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. ముదీర్. అతనూ పండ్ల సంగతే అడిగినట్టున్నాడు.

"నాకేం తెలుసు సార్?" అన్నారు మా ఆయన హిందీలో. "ఆ పని మా ఆవిడది. ఆమెనే అడగండి" అని ఫోన్ నా చేతికిచ్చారు.