పేరు మోయలేని సీడీ

జావా దీవిలోని దెలంగు బజారులో బియ్యం మిల్లు పక్కనున్న వలుయో నెట్ సెంటర్లో ఏ వస్తువుకీ మామూలు పేరు ఉండేది కాదు. గల్లాపెట్టె మీద నిద్రపోయే పిల్లి అదిపతి రొంగో. తోస్తే గాని కదలని మోటారు సైకిలు గరుడ కెంచన, అంటే బంగారు గరుత్మంతుడు. గోడ మీద ఫ్యాను తిరిగినా తిరగకపోయినా దాని పేరు సంగ్ బాయు, వాయుదేవుడు. ఇన్ని పేర్లు పెట్టిన మనిషికి మాత్రం ఆరోగ్యం అనే అర్థమొచ్చే మూడక్షరాల పొట్టి పేరు, వలుయో.

అది పుట్టినప్పటి పేరు కాదు. వాళ్ల నాన్న సస్త్రో పగలు ఇటుకలు మోసి, రాత్రి కెతోప్రాక్ నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. కొడుకు పుట్టగానే, తనకు దక్కని గద్దెలన్నీ వాడి పేరున రాసిచ్చినట్టు, ప్రబు విరబువన జగత్‌నాత కుసుమో అని పేరు పెట్టాడు. పిల్లాడు ఆ పేరు కింద పడి లేవలేదు. దగ్గు, జ్వరం, మళ్లీ దగ్గు. ఊళ్లో అందరిదీ ఒకటే మాట: పేరు బరువైపోయింది, పసివాడు మోయలేకపోతున్నాడు. తల్లి గీనా బజారులో జావ అమ్ముకునే మనిషి. ఆవిడ ఎక్కువ ఆలోచించలేదు. అక్కడి ఆనవాయితీ ప్రకారం బెల్లం వేసి ఎర్ర జావ, కొబ్బరిపాలు పోసి తెల్ల జావ కాచి, వీధి వాళ్లను పిలిచి, వాళ్లు తింటూ ఉండగానే పేరు మార్చేసింది. పిల్లాడు తేరుకున్నాడు. జావ వల్లా, మందు వల్లా అని ఎవరూ ఆరా తీయలేదు. సస్త్రో మాత్రం చాలాకాలం భార్యతో మామూలుగా మాట్లాడలేదు. ఉప్పు అందుకోమని అడగాల్సి వచ్చినా సింహాసనం మీది నుంచి అడిగినట్టే అడిగేవాడు.

ఆయన పోయాక ఆ పేరును తలుచుకునేవాడు వలుయో ఒక్కడే. ఎన్నడూ కట్టని పట్టుపంచెలా అది అతని మనసు అడుగున మడతపెట్టి ఉండిపోయింది.

సెంటర్లో కంప్యూటర్లన్నీ వేరొకరు వాడి వదిలేసినవే. కొత్త సాఫ్టువేరు ఎక్కిస్తే ఆయాసపడేవి. అందుకని వలుయో ఉచితంగా దొరికే లినక్సు తెచ్చుకుని, ఏళ్ల తరబడి దాన్ని తన చేతికి అనువుగా మలుచుకున్నాడు. అక్కర్లేనివి పీకేశాడు. తెర మీద కనిపించే మాటలన్నీ ఇంట్లో మాట్లాడుకునే జావా భాషలోకి మార్చాడు. ముసలి కంప్యూటర్లు ఒళ్లు తేలికై పరుగెత్తసాగాయి.

ఒకరోజు బడి పెద్ద పంతులమ్మ బు సుమర్ని అర్జీ ఒకటి టైపు చేయించుకోవడానికి వచ్చి, ఆ వేగం చూసి నోరు తెరిచింది. అక్కడ అమ్మా అనడానికి ‘బు’, అన్నా అనడానికి ‘మాస్’ అంటారు.

“మాస్ వలుయో, మా బడి సామాన్ల గదినిండా ఇలాంటి ముసలి పెట్టెలే ఉన్నాయి. అంక్లుంగ్ వాయిద్యాలకి చోటు కావాలి, శనివారం వాటిని పాత ఇనుముకి వేసెయ్యమని కమిటీ వాళ్లు నా నెత్తిన కూర్చున్నారు.”

“నేనొచ్చి ఒక్కోదాన్నీ బాగుచేస్తాలెండి, బు.”

“మా ఒక్క బడిదే అయితే సరే. చుట్టుపక్కల అన్ని బళ్లదీ ఇదే గోల. ఎవరికి వాళ్లం ఎక్కించుకునేలా ఒక సీడీ చేసిపెట్టకూడదూ?”

వలుయో ఒప్పుకున్నాడు. ఉన్న ఇంటిని ఉన్నట్టే మడిచి సంచిలో పెట్టాలి. ఎవరి స్థలంలో విప్పినా మళ్లీ అదే ఇల్లు లేచి నిలబడాలి. ‘చోబా’, అంటే ప్రయత్నం, అని పేరు పెట్టి తయారుచేసిన మొదటి సీడీ చక్కగా పనిచేసింది. ఇక అసలుది. తెర తెరుచుకోగానే గమేలాన్ కంచువాద్యం మోగేలా పెట్టాడు. తెర వెనక గోడబొమ్మగా, అంటే వాల్‌పేపరుగా, నాన్న అట్టకిరీటం ఫోటో పెట్టాడు. చివర్లో ప్రోగ్రాము, ఈ సీడీకి ఏం పేరు అని అడిగింది. వలుయో ఒకసారి వీధిలోకి చూశాడు. ఎవరూ లేరు. నాన్న పెట్టిన పేరు పూర్తిగా టైపు చేశాడు.

బడిలో సీడీ పెట్టేసరికి బు సుమర్ని పక్కన పాత ఇనుము కొనే జుమాది కూడా ఉన్నాడు, సరుకు ముందే చూసుకుందామని. తెర వెలిగింది, కాస్త ఆశపెట్టింది, నల్లబడింది. ఫలానా పేరుగల సీడీ దొరకలేదని తెల్లటి అక్షరాలు.

“కడుపులో పెట్టుకుని కనపడలేదంటోందేంటి, మాస్?” అన్నాడు జుమాది. “కళ్లజోడు తెచ్చిపెట్టమంటావా? పోనీ నా తక్కెడ తేనా?”

“నీ తక్కెడలో ముందు నీ నాలుక తూచుకో,” అంది బు సుమర్ని. కానీ వలుయో వైపు తిరిగినప్పుడు ఆవిడ గొంతు సన్నబడింది. “శనివారం దాకా ఆపగలను, నాయనా. ఆపైన నా చేతుల్లో లేదు.”

వలుయో గమేలాన్ తీసేశాడు. కిరీటం తీసేశాడు. వేరే రకం సీడీలు కొన్నాడు. ఏది పెట్టినా అదే నల్ల తెర. పేరును మాత్రం అనుమానించలేదు. గిన్నె పేరు మారిందని అన్నం ఉడకడం మానేస్తుందా? పాడైన సీడీలను గీనా దారాలకు కట్టి, సెంటరు వెనకే ఉన్న ఇంటి పెరట్లో వడియాల మీద పిట్టలు వాలకుండా వేలాడదీసింది.

“పిట్టలకి చాల్లే నాయనా, ఇంక మనుషులకి పనికొచ్చేది ఒకటి చెయ్యి.”

“వేళాకోళాలాడకమ్మా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా లేవట్లేదు.”

“లేవట్లేదా?” గీనా చేతిలో గరిటె ఆగింది. “దానికేం పేరు పెట్టావ్?”

వలుయో పిల్లి వీపు నిమురుతూ కూర్చున్నాడు.

“ఒరేయ్, నిన్నే.”

చెప్పాడు. గీనా నుదురు కొట్టుకుంది.

“ఆ పేరే! నిన్ను మంచాన పడేసింది చాల్లేదా? ఈ పల్చటి రేకు మీద పెట్టావూ?”

“అది సీడీ అమ్మా, పసిపిల్ల కాదు. అయినా ఆ పేరు ఇంకెక్కడుంది? నామీంచి నువ్వే తీసేశావు. నాన్న లేడు. ఎక్కడో ఒకచోట ఉండనీ.”

గీనా పొయ్యి వైపు తిరిగింది. కాసేపటికి ఇల్లంతా బెల్లం కాగే వాసన నిండింది. కొబ్బరి తురుము చప్పుడూ వినిపించింది. ఆవిడ మళ్లీ ఆ రెండు జావలే కాస్తోందని వలుయోకు తెలిసిపోయింది. అమ్మతో వాదించి గెలిచినవాడు ఆ ఇంట్లో లేడు. రాజుగారే ఓడిపోయారు.

“ఇవాళ లెగి సంత,” అంది వెనక్కి చూడకుండా, అయిదు రోజులకోసారి వచ్చే సంతరోజు పేరు గుర్తుచేస్తూ. “లెగి అని పెట్టు. లెగి అంటే తీపి. ఎవరైనా మోస్తారు.”

పేరు చెరపడానికి వేలు ఒకపట్టాన కదల్లేదు. ఆ గదుల నిండా కంప్యూటర్లు, వాటికోసం ఆగిన బడి పిల్లలు గుర్తొచ్చి చెరిపేశాడు. గమేలాన్‌నూ కిరీటాన్నీ మళ్లీ పెట్టి, ‘లెగి’ అని కొట్టాడు.

సీడీ తిరిగింది. తెర తెరుచుకుంది. గమేలాన్ మోగింది. అదిపతి రొంగో అదిరిపడి గల్లాపెట్టె మీంచి కిందికి దూకాడు.

అప్పుడుగాని వలుయోకు అసలు సంగతి తట్టలేదు. పాత సీడీ ఒకటి పిట్టల దగ్గర్నుంచి విప్పి తెచ్చి చూశాడు. సీడీ మీద పేరుకు ఉన్నది ముప్పై రెండు ఇంగ్లీషు అక్షరాల చోటు. నాన్న పెట్టిన పేరు, మాటల మధ్య ఖాళీలతో కలిపి, దానికి ఒక్క అక్షరం ఎక్కువ. సీడీ తయారుచేసే ప్రోగ్రాము నోరెత్తకుండా తోక కత్తిరించేసింది. కంప్యూటరేమో తోకతో ఉన్న పేరు కోసం వెతికి వెతికి చీకట్లో కూర్చుంది. అతనికి నవ్వాగలేదు. తల్లికి పూసగుచ్చినట్టు చెప్పాడు.

“అదే కదరా నేనన్నది,” అంది గీనా. “మోయలేకపోయింది.”

శనివారం జుమాది బండి బడి ముందు ఆగేసరికి కంప్యూటర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి, గమేలాన్లు ఒకదాని వెనక ఒకటి మోగుతున్నాయి. అతను గుమ్మంలో నిలబడి, “నా బండికి కూడా ఒకటి ఎక్కించు మాస్, తోసే బాధ తప్పుతుంది,” అని, గీనా అందించిన జావ ఆకు దొన్నె పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. బు సుమర్ని పక్క బళ్లకు పంపే సీడీల మీద తన చేత్తోనే ‘లెగి’ అని రాసింది.

గీనాకు చదువు రాదు. తెర మీద కిరీటం కింద ఏదో పొడుగ్గా రాసి ఉండటం చూసి, అనుమానంగా వేలు పెట్టింది.

“ఇదేంట్రా?”

“వెనక గోడబొమ్మ మీద రాశాలే, సీడీ పేరు కాదు. చదవమంటావా?”

వలుయో లేచి నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు. నాన్న రంగస్థలం మీద సాగదీసినట్టే సాగదీస్తూ, ప్రబు విరబువన జగత్‌నాత కుసుమో అని గది దద్దరిల్లేలా చదివాడు. జుమాది దొన్నె పక్కనపెట్టి రాజుకు వంగి దండం పెట్టాడు. వలుయో తల్లి వైపు భయంగా చూశాడు. గీనా కొంగుతో ఒకసారి కళ్లు ఒత్తుకుంది.

“అక్కడైతే సరే,” అంది. “గోడకి మోసే బలముంటుంది. ఇక కూర్చో రాజా, జావ చల్లారిపోతోంది.”