ఎంకవ్వ పొట్లాలు

ఆర్మూరు అంగట్లో పసుపు అమ్మే ఎంకవ్వకు మోచేతుల దాకా పసుపే. మొగుడు పోయిన మనిషి కనుక మొహాన మాత్రం చుక్కయినా ఉండదు. విసుర్రాయి తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం కిందికి జారింది. విసిరిన పిండిని పాత చీరలో జల్లించి, వేళ్ల మధ్య రుద్ది, గరుకు తగిలితే మళ్లీ రాతిలో పోసేది. అయినా ఆమె చేతి పసుపు ముత్తైదువలు తీసుకునేవారు కాదు. నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో అందరూ పసుపు కుప్ప పోసి, చేత్తో తీసి అమ్మేవారు. ఎంకవ్వ మాత్రం కాగితంలో పొట్లాలు కట్టి, గోనెపట్టా మీద పేర్చి, చేతులు కొంగు కింద దాచుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరి పొట్లం వాళ్లే తీసుకోవచ్చు. ఆలూరు నుంచి బిడ్డ పెండ్లి సరుకులకు వచ్చిన ఆశమ్మ ఒక పొట్లం వాసన చూసి, మళ్లీ అక్కడే పెట్టేసింది. "పసుపు మస్తుగున్నది ఎంకవ్వా. గని కట్టింది నువ్వేనాయె. శుభమా అని పెండ్లి చేస్తున్న, ఎట్ల కొంటవోవాలె?"

కొన్నాళ్లకు ఎంకవ్వ అంగడి మానుకుంది. మరుసటేడు ఒక కంపెనీ పసుపు పొట్లాలు దుకాణాల్లోకి దిగాయి. రంగు కాగితం మీద నిండుగా బొట్టు పెట్టుకున్న ఇల్లాలి బొమ్మ. రెండో బిడ్డ పెండ్లికి ఆశమ్మ సంచి నిండా అవే కొన్నది. బజారులో ఎదురుపడ్డ ఎంకవ్వకు ఒకటి తీసి చూపించింది. "గీ బొమ్మ జూడు, లచ్చిందేవి లెక్కనే ఉన్నది. శుభానికి గిసుంటి పసుపే మంచిది." మాక్లూరు దారిలోని ఆ కంపెనీ షెడ్డులో పొద్దంతా ఆ పొట్లాలు నింపి, మూతులు అంటించి, ఎంకవ్వ అప్పుడే కూలి నుంచి వస్తోంది. "మంచిగున్నదక్కా" అని, చేతులు కొంగు కింద దాచుకుంది.