కింది ఫ్లాటు పిల్లాడి తనిఖీ రిపోర్టు

చైనా ఉద్యోగం కోసం నేను ఏడాదిన్నర సిద్ధపడ్డాను. ఎవరూ పంపుతామనలేదు. అయినా సిద్ధపడ్డాను. నోయిడాలో మేము చార్జర్లు తయారుచేసే కంపెనీకి షాంఘై దగ్గర ఇంకో పెద్ద ఫ్యాక్టరీ ఉంది. అప్పుడప్పుడూ ఇక్కడి నాణ్యతా విభాగం నుంచి ఒక ఇంజనీరును కుటుంబంతో సహా అక్కడికి మూడేళ్లు పంపుతారు. ఆ విభాగంలో తెలుగువాళ్లం ఇద్దరమే. నేను వరంగల్ వాణ్ణి. రెండో ఆయన తెనాలి వైపు మనిషి, నాకన్నా రెండేళ్లు పెద్ద, మా సొసైటీలోనే సరిగ్గా మా కింది ఫ్లాటులో ఉండేవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. పొద్దున ఒకే ఆఫీసు క్యాబులో వెళ్లేవాళ్లం.

వెళ్లాల్సింది నేనే అనడానికి నా దగ్గర కారణాలు వరసగా రాసి ఉండేవి. ఒకటి, ఫోన్‌లో నేర్చుకుని చైనీస్‌లో నాలుగు వందల మాటలు పలకగలను. రెండు, వాళ్ల లైన్లలో ఉన్న పరీక్షా యంత్రాలను ఇక్కడ బిగించింది నేనే. మూడోది కాగితం మీద పెట్టలేదు. అది మా అమ్మాయి.

దానికి ఐదేళ్లు. దీపావళి దాటి నోయిడా గాలి చెడగానే దానికి ఆయాసం మొదలవుతుంది. బళ్లు మూసేస్తారు. పిల్లలందరూ ఫోన్లలో పాఠాలు వింటారు, మాది నెబ్యులైజర్ మాస్కు పెట్టుకుని వింటుంది. కిటికీ సందుల్లో టేపు అంటిస్తాను. ఫిల్టరు మారుస్తాను. ఏం చేసినా ఫిబ్రవరి దాకా రోజులు లెక్కపెట్టుకోవడమే.

అక్కడికి వెళ్లేవాళ్ల పిల్లల కోసం కంపెనీ ఒక బడి పేరు చెబుతుంది. విదేశీ కుటుంబాల పిల్లలకు మాత్రమే పెట్టిన అంతర్జాతీయ బడి, హాస్టల్ లేదు, పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. దాని వెబ్‌సైటును నేను కొత్త యంత్రం మాన్యువల్ చదివినట్టు చదివాను. తరగతికి పదహారు మంది. ప్రతి గది బయటా గోడమీద గాలి మీటరు. ఆటస్థలం మొత్తాన్నీ కప్పుతూ గాలి నింపిన పెద్ద తెల్ల గుడారం, బయట గాలి ఎలా ఉన్నా పిల్లలు లోపల పరుగెత్తుతారు. ఆ గుడారం ఫొటో ఒకటుంది. అందులో ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పాప వీపు కనిపిస్తుంది. ఆ పాప స్థానంలో మా అమ్మాయిని ఎన్నిసార్లు నిలబెట్టి చూసుకున్నానో లెక్క రాయలేదు.

అన్నని ఎంపిక చేశారు. ఆయన క్యాంటీన్‌లో కాజూ కత్లీ డబ్బా తెరిచి నా దగ్గరికే ముందు వచ్చాడు.

“నిన్నే పంపుతారనుకున్నానయ్యా తమ్ముడూ, నిజంగా.”

“నువ్వు పోతే నేను పోయినట్టే గద అన్నా,” అని రెండు ముక్కలు తీసుకుని తిన్నాను.

మర్నాడు క్యాబులో ఆయన అడిగాడు. “అక్కడ మావాడికి బడి ఎట్టా ఉంటదంటావ్? మీ వదిన ఒకటే గోల.”

ఆయన ఆ వెబ్‌సైటు తెరిచి కూడా చూడలేదు. నేను బస్సు వేళల నుంచి శాకాహార భోజనం దాకా అప్పజెప్పాను.

“నీకెట్టా తెలుసయ్యా ఇదంతా?”

“ఊరికె చూసిన అన్నా.”

ఆయన కొడుక్కి ఆరున్నరేళ్లు. వదిన కాలేజీలో పాఠాలు చెబుతుంది కాబట్టి వారంలో మూడు సాయంత్రాలు వాడు మా ఇంట్లోనే ఉండేవాడు. మా ఆవిడ తెలుగులో అన్నం తింటావా అంటే “నహీఁ ఆంటీ, బాద్ మే” అని హిందీలోనే జవాబిచ్చేవాడు. క్యారమ్స్ నేనే నేర్పాను. అందువల్ల బడివాళ్లు అడిగిన కాగితాల్లో ఒకటి నా మెయిల్‌కు వచ్చింది. ప్రవేశానికి రెండు అభిప్రాయ పత్రాలు కావాలి. ఒకటి క్లాస్ టీచర్ రాయాలి. రెండోది, బంధువు కాకుండా పిల్లాణ్ణి ఏడాదికి పైగా ఎరిగిన పెద్దవాళ్లెవరైనా రాయాలి. రాసింది నేరుగా బడికే వెళ్తుంది, తల్లిదండ్రులకు కనిపించదు.

“నువ్వయితే నీటుగా రాస్తావు తమ్ముడూ. నాకు ఇంకెవరి మీదా నమ్మకం లేదు,” అన్నాడు అన్న.

మా పనిలో తనిఖీ రిపోర్టు రాయడానికి ఒక పద్ధతి ఉంది. సరిగ్గా ఉన్నవాటి గురించి ఏమీ రాయం, ఆ గడి ఖాళీగా వదిలేస్తాం. లోపం ఉంటేనే రాస్తాం. ఎక్కడ, ఎంత తీవ్రంగా, ఎంత తరచుగా. వెయ్యి చార్జర్లు బాగుండి మూడు చెడితే, రిపోర్టులో ఆ మూడే ఉంటాయి. చదివేవాళ్లకు ఈ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ గాభరా పడరు.

బడి పత్రంలో రెండు పెద్ద గళ్లున్నాయి. ‘ఈ పిల్లవాడిలో మీరు చూసిన మంచి విషయాలు’ ఒకటి. ‘మేము తెలుసుకోవలసినవి’ రెండోది. మొదటి గడిలో ఒక గీత పెట్టాను. రెండో గడిలో ఏడు వరసలు రాశాను. ఓడిపోతే క్యారమ్ బోర్డు తిరగేస్తాడు, వారానికి ఒకటి రెండుసార్లు. పది నిమిషాలకు మించి ఒకచోట కూర్చోడు. అడిగిన భాషలో జవాబు చెప్పడు. ఒకసారి మా అమ్మాయి చెయ్యి కొరికాడు. ఇలా ఏడు. ఒక్కటి కూడా అబద్ధం కాదు. చెయ్యి కొరికింది వాడికి నాలుగేళ్లప్పుడని మాత్రం రాయలేదు. పంపించేశాను.

అలవాటు కొద్దీ అలా రాశానని మూడు రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగో రోజు కూడా చెప్పుకునేవాణ్ణే, కానీ బడి నుంచి అన్నకి మెయిల్ వచ్చింది. వచ్చిన అభిప్రాయాలను బట్టి సీటు ఇప్పుడే ఖాయం చేయలేమని, పిల్లల నిపుణురాలి చేత పరీక్ష చేయించాలని, అది అయ్యేసరికి ఈ ఏడాది చేరికలు ముగిసిపోవచ్చని. దగ్గర్లో ఇంగ్లీషులో చెప్పే బడి ఇంకోటి లేదు. వదిన ఒక్క మాటలో తేల్చేసింది. బడి లేకుండా పిల్లాణ్ణి తీసుకుని తను రాదు. కుటుంబం రాకపోతే అన్న వెళ్లడు.

ఆ మధ్యాహ్నం మేనేజరు నన్ను గాజు గదిలోకి పిలిచాడు.

“దేఖో, సోమవారం దాకా చూస్తాను. వో మనా కరే తో తుమ్ తైయార్ హో న?”

అన్న వద్దంటే నేను వెళ్లడానికి సిద్ధమేనా అని. “జీ సర్,” అన్నాను. ప్రశ్న పూర్తయ్యే లోపే అన్నాను. బయటికొచ్చి వాష్‌రూమ్‌లో మొహం కడుక్కుంటుంటే అద్దంలో నేను నవ్వుతున్నాను. కష్టపడి ఆపుకున్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయిని, “నీకు ఎర్ర టోపీ కొననా?” అని అడిగాను. ఎందుకని మా ఆవిడ అంటే, ఊరికే అన్నాను.

నెలకో ఆదివారం రెండు కుటుంబాలం మెట్రో ఎక్కి అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీన్‌కు భోజనానికి వెళ్లడం మా అలవాటు. ఆ ఆదివారం వెళ్లకూడదనుకున్నాను. కానీ పిల్లలు ఊరుకోలేదు. పొగమంచు లాంటి పొగ, మధ్యాహ్నం పన్నెండయినా ఎండ పసుపు రంగులోనే ఉంది. టోకెన్లు తీసుకుని వరసలో నిలబడి, చివరికి ఒక మూల బల్ల దొరికింది. అన్న ముద్దపప్పులో నెయ్యి కలుపుతూనే ఉన్నాడు, తినడంలేదు.

“ఆ టీచరమ్మే రాసుంటది,” అన్నాడు. “ఒకసారి నోటు పుస్తకం గురించి గట్టిగా అడిగాను కదా, అది మనసులో పెట్టుకుంది. రేపు బడికెళ్లి అందరి ముందే అడుగుతా.”

“నెమ్మదిగా. వాడికి వినిపిస్తది,” అంది వదిన. తర్వాత నా వైపు తిరిగింది. “అన్నయ్యగారూ, మీరు బాగానే రాశారుగా?”

“మంచిగనే రాసిన వదినా.”

“మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తారులెండి. మీరు చూసిందీ మేం చూసిందీ ఒకటేగా.”

మా ఆవిడ నా వంక చూసింది. నేను సాంబారు పోసుకున్నాను.

అప్పుడే మా అమ్మాయికి దగ్గు మొదలైంది. బల్లకు అవతలి చివర పిల్లలిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మధ్యలో నలుగురు పరాయివాళ్లు తింటున్నారు. నేను లేచి, వాళ్ల కుర్చీలు జరిపించి అక్కడికి చేరేలోపే వాడు కుర్చీ దిగిపోయాడు. మా సంచి జిప్పు తీశాడు. ఇన్‌హేలర్ బయటికి తీసి అయిదుసార్లు ఊపాడు, ప్లాస్టిక్ గొట్టానికి తగిలించాడు, మాస్కు దాని మొహం మీద పెట్టి నొక్కాడు.

“సాంస్ లే. ఏక్... దో... తీన్... హిల్నా మత్, పాగల్! చార్...”

ఊపిరి పీల్చమని, కదలొద్దని గదమాయిస్తూ పదిదాకా లెక్కపెట్టాడు. గడియారం చూసుకున్నాడు, ఒక నిమిషం ఆగి రెండోసారి. ఎక్కడా ఒక్క మెట్టు తప్పలేదు. ఇదంతా వాడికి ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో నేను చేస్తుంటే పక్కన నిలబడి చూశాడు. నేను చూస్తుండగా వాడు అలా చేయడం అది మొదటిసారి కూడా కాదు. మా ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు, నేను ఫోన్‌లో ఉన్నప్పుడు, ఎన్నిసార్లు చేశాడో. ఆ సంగతి ఆ పత్రంలో ఎక్కడా లేదు. అది మొదటి గడిలోకి వస్తుంది. మొదటి గడిలో నేను గీత పెట్టాను.

పక్క బల్ల దగ్గరి పెద్దాయన, “బాబు డాక్టరవుతాడండీ,” అన్నాడు.

“అప్పడం మాత్రం ఇవ్వను,” అన్నాడు వాడు దానితో, హిందీలో, దాని పళ్లెంలోది అప్పటికే తీసుకుని.

ఇంటికి చేరగానే, చీకటి పడకముందే, బడి ప్రవేశాల ఆఫీసుకు మెయిల్ రాశాను. పత్రం అసంపూర్తిగా పంపానని, తప్పు నాదని, మొదటి గడిలో రాయవలసినవి ఇవి అని. పద్నాలుగు వరసలు వచ్చాయి. కొరికిన సంగతికి వయసు కూడా చేర్చాను. అవసరమైతే వీడియోలో మాట్లాడతానన్నాను. ఇంత రాస్తున్నా లోపల ఇంకో లెక్క నడుస్తూనే ఉంది. ఈ మెయిల్ పంపకపోతే సోమవారం పేరు నాది. పంపితే ఆ గుడారంలో మా అమ్మాయి ఉండదు, వాడుంటాడు. ఊపిరి తీసుకోవడానికి ఇబ్బందేమీ లేని పిల్లాడు ఉంటాడు. ఆ ఆలోచన దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అంత సేపు ఆగినందుకు సిగ్గుపడ్డాను, కానీ ఆగాను. తర్వాత పంపాను.

సోమవారం పొద్దున క్యాబులో అన్న బడికి వెళ్లే దారి గురించి డ్రైవరుకు చెబుతున్నాడు. ముందు టీచరమ్మ సంగతి తేల్చి, తర్వాత ఆఫీసు. నేను ఆపాను.

“అన్నా, టీచర్ కాదు. రాసింది నేను.”

ఆయనకి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. ఏం రాశానో, ఏం వదిలేశానో, నిన్న సాయంత్రం ఏం పంపానో, అన్నీ వరసగా. మేనేజరుకు జీ సర్ అన్న సంగతి కూడా.

సెక్టారు దాటాక ఆయన ముందుకు వంగాడు. “భయ్యా, సీధా ఆఫీస్ చలో,” అన్నాడు డ్రైవరుతో. తర్వాత నన్ను చూడకుండానే, “ఆ ఏడూ చెప్పు,” అన్నాడు.

చెప్పాను. బోర్డు దగ్గర, “ఊఁ, నిజమే,” అన్నాడు. భాష దగ్గర కూడా. అయిదోది చెప్పాను. చీకట్లో బాత్రూముకి ఒంటరిగా వెళ్లడు, తలుపు అవతల ఎవరో ఒకరు మాట్లాడుతూ నిలబడాలి.

“అదేంటి? మా ఇంట్లో బాగానే వెళ్తాడే.”

“మీ ఇంట్ల కూడా భయపడతడంట అన్నా. పాట పాడుకుంట పోతడంట. నాన్న నవ్వుతడని చెప్పలేదన్నడు.”

“నీతో అన్నాడా?”

“ఆఁ.”

ఆయన కిటికీ అద్దం మీద వేలితో ఏదో గీకాడు. “నా కొడుకు నీకు చెప్పుకున్నాడు,” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కానీ ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. కాజూ కత్లీ తిన్న రోజు నుంచీ నా లోపల ఉన్నది అదే. నా దగ్గర కూడా ఆయన అసూయపడగలిగింది ఒకటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. నాకేమీ సంతోషం కలగలేదు.

బడివాళ్లు పిల్లాడితో వీడియోలో మాట్లాడారు, నాతో కూడా ఒక ఇరవై నిమిషాలు మాట్లాడారు. అన్న అడిగితే మేనేజరు గడువు ఇంకో వారం పెంచాడు. శుక్రవారం సీటిచ్చారు. ఆ సంగతి అన్న నాకు చెప్పలేదు, మేనేజరు చెప్పాడు. క్యాబులో ఆయన ముందు సీటుకు మారాడు. పిల్లాణ్ణి పైకి పంపడం మానేశాడు. వదినకి ఆయన చెప్పలేదనే అనుకుంటాను, ఎందుకంటే బయల్దేరే రోజు ఆవిడే పిలిచింది. “అన్నయ్యగారూ, సూట్‌కేసులు తూచి పెట్టరూ.” నేను నా తూకం కొక్కెం తీసుకెళ్లి ఆరు సూట్‌కేసులూ తూచాను. ఒకటి కిలోన్నర ఎక్కువ వచ్చింది. అందులోంచి ఏం తీయాలో అన్నే చూసుకున్నాడు.

టాక్సీ గేటు దాటేటప్పుడు వాడు అద్దం దించి మా అమ్మాయి వైపు, “తూ భీ జల్దీ ఆనా!” అని, దాన్నీ త్వరగా రమ్మని అరిచాడు. అది ఎగురుతూ చెయ్యూపింది.

“మనమెప్పుడు పోతం నాన్నా?”

“మనం పోతలేం,” అన్నాను.

ఎందుకని అడగబోయి దగ్గింది. దాన్ని ఎత్తుకుని లిఫ్టు వైపు నడిచాను.