వేపమండల తాడు అవతల మా బావ

ఉద్దానం తీరానికి ఎప్పుడు వెళ్తే బాగుంటుందని అడిగేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని శీతాకాలం అని చెప్పేస్తాను. కొబ్బరితోటల మధ్య రోడ్డు చల్లగా ఉంటుంది, పొద్దున్నే ఒడ్డుకి తాజా చేపలొస్తాయి, ఎండకి మాడిపోనక్కర్లేదు. కానీ ఆ దారి గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందు గుర్తొచ్చేది వేరే ప్రయాణం. మార్చి నెలాఖరు ఎండలో, ముక్కుకి చున్నీ బిగించి కట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకుంటూ వెళ్ళాను. కరోనా భయంతో దేశమంతా తలుపులేసుకున్న మొదటి వారం అది. సరదాకి వెళ్ళలేదు, మా బావ కోసం వెళ్ళాను.

నేను టెక్కలిలో ఒక బడిలో పాఠాలు చెప్తాను. మాది చేపల వేట మీద బతికిన కుటుంబం. మా అక్క పార్వతిని వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరికి ఇచ్చారు. ఆ ఊరి పేరు రాయను. అప్పుడు భయపడి చేసిన పనికి ఇప్పుడు ఊరందరినీ తల దించుకోమనడం నాకిష్టం లేదు. బావ పేరు లచ్చయ్య. ఉద్దానంలో ఎంతోమందికి ఉన్న కిడ్నీ జబ్బే ఆయనకీ ఉంది. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటే తప్ప ఆయన ఒంట్లో నీరు బయటికి పోదు.

ఆ రోజు తెల్లవారుతూనే అక్క ఫోన్ చేసింది. "సుగుణా, మీ బావ రెండుసార్లు మానీసినాడే. కాళ్ళు వాసిపోనాయి. పడుకుంటే ఊపిరాడ్డం నేదు. ఈయన దగ్గుతుంటే పక్కింటోలు తలుపులేసుకుంతన్నారు" అంది. పలాస తీసుకెళ్ళరాదా అంటే ఏడుపందుకుంది. "ఊరు కట్టీసినారే. దాటినోడ్ని మళ్ళీ రానివ్వరంట."

ఊరు కట్టడమంటే మా వైపు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. అమ్మవారి సంబరమప్పుడు పొలిమేరలో రోడ్డుకి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కడతారు, పసుపునీళ్ళు చల్లుతారు. ఆ కట్టు విప్పేదాకా ఊరివాళ్ళు బయట నిద్ర చెయ్యకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పండగకి రెండు మూడు రోజులుండే ఆ కట్టుని ఈసారి రోగానికి కట్టారు. ఎప్పుడు విప్పుతారో ఎవరికీ తెలియదు.

మా బడి పిల్లల్ని తిప్పే ఆటో సింహాచలాన్ని బతిమాలితే వస్తానన్నాడు. మామూలు రోజుల్లో ఈ ప్రయాణం చాలా తేలిక. టెక్కలి కాంప్లెక్స్‌లో పలాస బస్సెక్కితే గంటలోపే కాశీబుగ్గలో దిగుతాం, టికెట్టు యాభై రూపాయలు దాటదు. అక్కడ నుంచి వజ్రపుకొత్తూరు వైపు షేర్ ఆటోలు దొరుకుతూనే ఉంటాయి. ఆ రోజు హైవే మీద మా ఆటో చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నందిగాం దగ్గర పోలీసాయన బారికేడ్ అవతలే నిలబడి లాఠీతో ఆగమన్నాడు. డయాలసిస్ పేషెంటు కోసమని చెప్పాను. ఆయన నా మొహం కంటే సింహాచలం మొహాన్నే ఎక్కువసేపు చూసి, "దగ్గుందా?" అన్నాడు. దగ్గు లేకపోయినా ఆ మాటకి సింహాచలానికి గొంతులో గరగర మొదలైంది. పాపం, పలాస దాకా దాన్ని మింగుకుంటూనే నడిపాడు.

దారి పొడవునా తనకి తెలిసిన వార్తలన్నీ నా చెవిలో వేశాడు. "రేత్రికి హెలికాప్టర్లతోటి మందు కొడతారంట మేడమ్. నూతులకి మూతలెట్టమన్నారు." ఎవరన్నారు అని అడిగాను. "మా బామ్మర్దికి గ్రూపులో వచ్చింది. ఆడికి ఇసాపట్నంలో తెలిసినోలున్నారు." నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను. బయల్దేరే ముందు మా ఇంటి నీళ్ళ ట్యాంకు మూత నేనే రెండుసార్లు చూసుకొచ్చాను మరి.

కాశీబుగ్గలో షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. జీడిపప్పు బట్టీలు ఆగిపోయాయి. అయినా ఊరంతా జీడిపొగ కమ్ముకుని ఉంది. జీడితొక్క కాలిస్తే ఆ ఘాటుకి రోగం దగ్గరికి రాదని ఎవరో పుట్టించారట, ఇంటింటి ముందూ మట్టిమూకుడులో తొక్కలు మండుతున్నాయి. ఆ పొగ ఎలాంటిదో తెలిసినవాళ్ళకి తెలుసు, కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. పొగ పెట్టినవాళ్ళంతా దగ్గుతున్నారు, దగ్గినవాళ్ళని చూసి పక్కవాళ్ళు ఇంకాస్త తొక్క వేస్తున్నారు. మందుల షాపులో నేను మాస్కులు కొంటుంటే వెనకాల ఒకాయన, పలాసలో డయాలసిస్ చేసే గది మూసేశారని, అక్కడ పడుకున్నవాళ్ళందరికీ అంటుకుందని కళ్ళతో చూసినట్టే చెప్పాడు. అది నిజం కాదని తర్వాత తెలిసింది. కానీ ఆ క్షణంలో నమ్మేశాను. వెంటనే టెక్కలి ఆసుపత్రికి ఫోన్ చేశాను. అదృష్టం బాగుండి ఎత్తారు. మధ్యాహ్నంలోపు తీసుకొస్తే చేస్తామన్నారు.

కొబ్బరితోటలు దాటి ఊరి పొలిమేరకి వచ్చేసరికి ఎండ ముదిరింది. తాటిదుంగలు అడ్డంగా పడేసి, వాటి మీద వేపమండల తాడు కట్టారు. అవతల పదిమంది దాకా తువ్వాళ్ళు ముక్కుకి చుట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు ఎండుచేపలమ్మే నూకమ్మ, చేతిలో పొగలు కక్కే మూకుడు పట్టుకుని ఉంది. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషే. "అక్కడే ఉండు గుంటా! అడుగెయ్యకు" అని అరిచింది. "నీ బావకి ఆ రోగమే ఒచ్చీసింది. రాత్రంతా దగ్గే. ఊరందర్నీ సంపీడానికి తయారైనాడు. తీసుకుపో, మళ్ళీ తేకు."

అక్క బావని చంకలో చెయ్యి వేసి నడిపించుకొచ్చింది. పది అడుగులకోసారి ఆగుతున్నారు. మొహం ఉబ్బిపోయి ఆయన ఆయనలా లేడు. ఆయన దగ్గుతుంటే, నిజం చెప్పొద్దూ, నేనూ ఒకడుగు వెనక్కి వేశాను. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే అలా దగ్గొస్తుందని నాకు తెలుసు. తెలిసినా కాళ్ళు ఆగలేదు.

రా బావా, ఆటో ఉంది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాను రాను సుగుణా. ఈ తాడు కట్టించింది నానే."

 ఊరి పెద్దల్లో ఆయనొకడని తెలుసు కానీ, వారానికి రెండుసార్లు ఊరు దాటితే తప్ప బతకని మనిషి ఊరు కట్టమని ఎలా అంటాడు? "పండగ కట్టులాగ మూడ్రోజుల్లో ఇప్పీయొచ్చనుకున్నాను" అన్నాడు ఆయాసపడుతూ. "పొడుగైపోయింది. ఇప్పుడు నానే దాటితే రేపు నా మాటకి ఇలువేటి? బయట సచ్చిపోతే శవాన్ని కూడా ఇవ్వరంటన్నారు. నా ఇంట్లో పోతాను. నువ్వెల్లిపో."

నూకమ్మ కూడా ఆ మాటకి మూకుడు కిందికి దించింది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. తాడు తెంపేద్దామన్నంత ఆవేశం వచ్చింది కానీ, అది నా చేతుల్లో పని కాదు. మా వాళ్ళలో ఆ కట్టు తెంపినవాడి ఇంటికి ఇక ఎవరూ మంచికీ చెడుకీ రారు. ఊళ్ళో ఉండాల్సింది అక్కే.

అప్పుడు అక్క కళ్ళు తుడుచుకుని బావని గట్టిగా కుదిపింది. "రోడ్డు మీద కట్టినావు. సంద్రం మీద కట్టినావేటి?"

 నిజమే, సముద్రం వైపు ఎవరూ తాడు కట్టరు. అమ్మవారి సంబరమప్పుడైనా వేటకి వెళ్ళినవాడు ఊరు దాటినట్టు లెక్క కాదు. గంగమ్మ మీద నుంచి వచ్చినవాణ్ణి ఆపకూడదు. బోటు ఒడ్డుకి తగిలితే అక్కడున్నవాళ్ళెవరైనా సరే, మాటల్లేని పగవాళ్ళైనా సరే, వచ్చి చెయ్యి వేసి పైకి లాగాల్సిందే.  బావ తన తమ్ముణ్ణి పిలవమన్నాడు.

తమ్ముడు ఎర్రయ్య ఫైబర్ బోటులో బావని ఎక్కించుకుని దక్షిణంగా భావనపాడుకి బయల్దేరాడు. అక్కడైతే టెక్కలి దగ్గర. నేనూ సింహాచలం వచ్చిన దారినే హైవే పట్టుకుని, టెక్కలి మీదుగా నౌపడా ఉప్పుమడులు దాటి వెళ్ళాం. మేం చేరేసరికే వాళ్ళు ఒడ్డున కూర్చుని ఉన్నారు. ఆటోలో బావ తల నా భుజం మీద వాలింది. ఆ దారంతా నేను శ్వాస కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ కూర్చున్నాను. ఆయన మా పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ ముందు నిలబడ్డ మనిషి, ఆయన ఊపిరికి నేను భయపడ్డాను.

ఆసుపత్రిలో ప్లాస్టిక్ గౌను తొడుక్కున్న నర్సమ్మ జ్వరం చూసి, గుండెల మీద చెవిగొట్టం పెట్టి, "ఇది ఆ దగ్గు కాదమ్మా, నీరు చేరిపోయింది. ఇంకో రోజు ఆగితే మా చేతుల్లో ఉండేది కాదు" అంది. నాలుగు గంటలు బయట బెంచీ మీద ఎవరికీ తగలకుండా కూర్చున్నాను. తలుపు తెరిచేసరికి బావ వెల్లకిలా పడుకుని మామూలుగా ఊపిరి తీస్తున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో అలా పడుకున్నాడని అక్కకి ఫోన్లో చెప్పాను.

సింహాచలం మమ్మల్ని మళ్ళీ భావనపాడు ఒడ్డున దింపి వెళ్ళాడు. బావ నీరసంగా ఉన్నాడు కాబట్టి పట్టుకోడానికి మనిషి కావాలని ఎర్రయ్య అంటే, నేనూ బోటెక్కాను. పొద్దు వాలుతోంది.  ఊరివాళ్ళు చెయ్యి వెయ్యకపోతే ఏం చెయ్యాలని బావనడిగాను. ఆయన నీళ్ళ వైపే చూస్తూ, "ఆల జాగాలో నానుంటే నానూ ఎయ్యను సుగుణా" అన్నాడు. 

అక్క ఊరి వైపుకి తిరిగేసరికి ఒడ్డున జనం కనబడ్డారు. సగం ఊరు వచ్చింది. ఇసుకలో జీడిపొగ లేస్తోంది. ఎర్రయ్య కెరటం చూసుకుని బోటుని ఒడ్డుకి తోలాడు. దాని అడుగు ఇసుకకి తగిలింది, ఎవరూ కదల్లేదు. వెనక నుంచి ఇంకో కెరటం వచ్చి బోటుని పక్కకి తిప్పేసింది. నీళ్ళు లోపలికి పడ్డాయి. బావని రెండు చేతులా పట్టుకుని నేను అరుస్తున్నాను, ఏమని అరిచానో నాకే తెలియదు. ఎర్రయ్య దూకి తాడు ఒడ్డుకి విసిరాడు. "సెయ్యెయ్యండ్రా! బోల్తా పడిపోతాది!"

తాడు ఇసుకలో పడుంది. అక్క ఒక్కతే పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. ఒక్క మనిషికి బోటు కదులుతుందా? ఆ పక్కనే నూకమ్మ నిలబడి ఉంది. మూకుడు కింద పెట్టింది. పైటకొంగు ముక్కుకి ఇంకో చుట్టు చుట్టుకుంది. వంగి తాడు చివర పట్టుకుని వెనక్కి తిరిగి అరిచింది. "సూత్తారేటొరే? తాడు పొడుగ్గానే ఉంది కదా, దూరం దూరంగా నిలబడి లాగండి!"

ఒకడొచ్చాడు. ఇంకొకడొచ్చాడు. మనిషికీ మనిషికీ మధ్య రెండు బారలు వదిలి, మొహాలు పక్కకి తిప్పుకుని లాగారు. బోటు ఇసుక మీదికెక్కింది. వెంటనే అందరూ తాడు వదిలేసి పసుపునీళ్ళ కుండ వైపు పరుగులు తీశారు. ఆ రాత్రి ఆ తాడుని కూడా పెద్ద గంగాళంలో పసుపేసి ఉడికించారట. బావని ఇంటికి పోనివ్వలేదు, ఒడ్డున వలల పాకలో పెట్టారు. నేనూ అందులోనే ఇంకో మూల ఉన్నాను. అక్క అన్నం గుమ్మంలో పెట్టి దూరంగా కూర్చుని మాట్లాడేది. అధికారులు డయాలసిస్ వాళ్ళకి బండి పంపి, పెద్దలు కట్టు విప్పేదాకా, బావ అలాగే బోటులో వెళ్ళి బోటులో వచ్చాడు. ప్రతిసారీ భయపడుతూనే లాగారు.

ఆ రోజుల గురించి మాట్లాడితే ఇప్పుడందరూ నవ్వేస్తారు, హెలికాప్టర్లనీ జీడిపొగనీ తల్చుకుని. నాకు పూర్తిగా నవ్వు రాదు. ఊరు మా బావని వెళ్ళగొట్టబోయిందన్నది నిజం, ఆ కట్టు కట్టించింది మా బావేనన్నదీ నిజం. ఆయన దగ్గుతుంటే నేను ఒకడుగు వెనక్కి వేశానన్నదీ అంతే నిజం. ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తేల్చుకోలేక మానేశాను. బావ ఇప్పుడు లేడు. ఆ రోగంతో కాదు, తన పాత జబ్బుతోనే, రెండేళ్ళ తర్వాత పోయాడు. తన ఇంట్లో, తన మంచం మీద పోయాడు. మోసినవాళ్ళలో ఆ రోజు తాడు పట్టినవాళ్ళే ఎక్కువమంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. తెల్లవారుజామున బయల్దేరి పొద్దెక్కకముందే ఒడ్డుకి చేరండి, అప్పుడే బోట్లు వస్తాయి. ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు. ముందు ఫోన్ జేబులో పెట్టి, చెప్పులు విప్పి, వచ్చిన బోటుకి చెయ్యి వెయ్యండి. మీరెవరని ఎవరూ అడగరు.