అంతయ్య కాకా అడిగే వేళ్లు

బాసర దగ్గర గోదావరి ఎంత ఎత్తున పారుతోందో చూసి వైర్‌లెస్‌లో చెప్పడం అంతయ్య కాకా ఉద్యోగం. కరీంనగర్ ఆఫీసులో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ నాలుగంకెలు రాసుకోవడం నాది. మొదటి రెండూ అడుగులు, తర్వాతి రెండూ అంగుళాలు. 1979లో చేరాను. ఏడాదిపాటు ఆయన గొంతే తప్ప మనిషిని చూడలేదు.

సెట్టు కలవగానే నమస్కారం కంటే ముందు ఒకటే ప్రశ్న. "సరళమ్మా, ఎన్ని వేళ్లు?"

గొంతు స్పష్టంగా ఉంటే ఐదు, గరగరలో మునిగితే ఒకటి. ఐదంటే అంకెలు గడగడా చదివేసి, వాళ్ల బర్రె ఈనిన కబురు కూడా చెప్పేవాడు. మూడంటే ఒక్కో అంకె రెండుసార్లు. రెండంటే మూడేసిసార్లు, నెమ్మదిగా, చివర అంకెలన్నీ కూడిన మొత్తంతో సహా. ఒకటంటే "మొగులు జరగనీ, మల్ల వస్త" అని మబ్బు తొలగేదాకా ఆపేసేవాడు.

నేను ఎప్పుడూ ఐదే అనేదాన్ని. పెద్దాయన గొంతు బాగా లేదని ఎలా అంటాం? ఒకరోజు అదే అంకెను మూడోసారి అడిగేసరికి కాకాకు కోపమొచ్చింది.

"అయిదంటివి గదమ్మా! చుట్టాలింట్ల ఉప్పులేని కూర మంచిగున్నదన్నట్టు చెప్తున్నవా? నీ చెవుల సంగతి నాకెట్ల తెలుస్తది? అయిదంటే ఉరుకుత, రెండంటే నడుస్త. గంతే."

సిగ్గుపడ్డాను. మరునాటి నుంచి నిజం మొదలుపెట్టాను, ముందు నాలుగుతో.

మా ఇంజినీరు ఉపేందర్‌రావు గారికి ఆ కూడిక గిట్టేది కాదు. "నాలుగంకెలకు మల్ల మొత్తమెందుకమ్మా? టైం ఖరాబ్" అనేవారు.

1983 ఆగస్టులో ఒక మధ్యాహ్నం గంగ, అదే మా గోదావరి, పొంగుతోంది. ఇరవై ఏడడుగులు దాటితే దిగువన ఒడ్డు మీది పల్లెలో అరవై ఇళ్లు మునుగుతాయి. ఇంజినీరు నా వెనకే నిలబడ్డారు. "అంకె రానిదే జనాన్ని తరలించే లారీలు కదలయి."

"సరళమ్మా, ఎన్ని?"

ఆయన ముందు మా సెట్టును తక్కువ చేయడమెందుకని ఐదు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "రెండే, కాకా."

"మంచిది. నడుస్త."

రెండు, రెండు, రెండు. తర్వాతి అంకె మూడుసార్లూ పిడుగుల్లోనే పోయింది. సున్నా మూడుసార్లు. ఎనిమిది మూడుసార్లు. "మొత్తం పదిహేడు, పదిహేడు, పదిహేడు." ఆపైన సెట్టు మూగబోయింది.

"ఇరవై ఎంత?" ఇంజినీరు నా కాగితం మీదికి వంగారు.

రెండూ ఎనిమిదీ పది. పదిహేడుకు ఏడు తక్కువ. "ఇరవై ఏడడుగుల ఎనిమిది అంగుళాలు, సార్."

ఆయన కూడా వేళ్ల మీద ఒకసారి కూడుకుని ఫోన్ అందుకున్నారు.

తెల్లారేసరికి ఆ ఇళ్లల్లో నడుములోతు నీళ్లు. మనుషులూ మేకలూ మాత్రం గుట్ట మీది బడిలో ఉన్నారు. టైం ఖరాబ్ అనే మాట మళ్లీ మా ఆఫీసులో వినలేదు.

1994లో కాకా కూతురింటికి వచ్చి నన్ను చూడ్డానికీ వచ్చాడు. అన్నేళ్ల గరగర చెవుల్లోకే దిగినట్టుంది. నేనేమడిగినా నవ్వుతూ తలూపుతున్నాడు. బర్రెలెన్ని ఉన్నాయంటే కూడా "ఆఁ, ఆఁ, మంచిగనే" అన్నాడు.

అర్థమైంది. చెయ్యి ఎత్తి, ఐదు వేళ్లూ ఆడించి అడిగాను. "కాకా, ఎన్ని?"

నవ్వు ఆపి, మెల్లగా రెండు చూపించాడు.

కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. నెమ్మదిగా, ఒక్కో మాట మూడుసార్లు చెప్పడం మొదలుపెట్టాను.